యునియాను మోసినవాళ్లు

మా చర్చి తల్లుల సంఘం పుస్తకంలోంచి యునియా పేరు కొట్టేసింది నేనే. గీత వంకర పోకూడదని స్కేలు కూడా పెట్టుకున్నాను. పద్నాలుగేళ్లుగా ఆ సంఘానికి నేనే కార్యదర్శిని.

యునియా మా ఉపదేశి ఎరియా భార్య. మా రెండిళ్లకీ మధ్య ఒక చిక్కుడు మడి, అంతే. నా భర్త పోయిన ఏడాది నేను మంచం దిగకపోతే, నా ఇద్దరు పిల్లల్నీ తన కూతురు లాయిస్ పక్కన కూర్చోబెట్టుకుని దుంపలు ఉడకేసి తినిపించింది. ఆ లాయిస్ పెద్దదై ఇంగ్లండు వెళ్లి, ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో పనికి కుదిరింది.

ఆడవాళ్లిద్దరో మగవాళ్లిద్దరో జంటగా బతుకుతుంటే వాళ్లను చర్చిలో నిలబెట్టి దీవించవచ్చని ఇంగ్లండు చర్చి తీర్మానించినప్పుడు, మా దేశపు బిషప్పులు దానితో తెగతెంపులు చేసుకున్నారు. వాళ్లు రాసిన ఉత్తరాన్ని మా గురువు కబారిసా అయ్యగారు ఒక ఆదివారం మా కొండమీది చర్చిలో చదివారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. అందరం ఎత్తాం. యునియా కూడా ఎత్తింది. సముద్రాల అవతలి గొడవ కదా అనుకున్నాం.

నాలుగు నెలలకు ఆ గొడవే ఫోటోగా మా ఫోన్లలోకి వచ్చింది. ఎవరు పంపారో ఇప్పటికీ తెలీదు. చర్చి లోపల లాయిస్, పక్కన ఎర్రజుట్టు తెల్ల అమ్మాయి. ఇద్దరూ మోకాళ్ల మీద ఉన్నారు. వాళ్ల తలల మీద చేతులుంచి ఒక ఆడ గురువు ప్రార్థిస్తోంది. లాయిస్ మెడలో ఉన్నది మేమందరం కలిసి అల్లి పంపిన పూసల దండ.

అయ్యగారు ఎరియాను పిలిపించారు. "ఉపదేశి గారూ, మీ ఇంట్లోనే ఇట్లా ఉంటే రేపు నేను ఏ మొహంతో ప్రసంగం చెప్పాలి?"

ముప్పై ఒక్క ఏళ్లు ఆ చర్చిలో వాక్యం చదివిన మనిషి ఎరియా. ఆ ఆదివారం అయ్యగారు రాసిచ్చిన కాగితం చదివాడు. లాయిస్ ఇక తమ కూతురు కాదని. గొంతు వణకలేదు. చదవడం అలవాటైన గొంతు అది. తర్వాత అయ్యగారు యునియాను కూడా ముందుకు రమ్మన్నారు.

ఆమె కూర్చున్నచోటే లేచి నిలబడింది. "నేను కన్నాను అయ్యగారూ. కనలేదని ఎట్లా చెప్పను? మంత్రసాని ఇంకా బతికే ఉంది. కావాలంటే ఆమెనడగండి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారి ముఖం ఎర్రబడింది. ఆ నవ్వే ఆమె కొంప ముంచిందని నాకు ఇప్పుడనిపిస్తుంది. నవ్వకపోతే బహుశా వదిలేసేవారేమో.

ఆ మంగళవారం సంఘం కూడి ఆమెను తీసేసింది. సంఘంలో ఉన్నవాళ్లు వేసుకునే నీలం పట్టీ, బిళ్ల వెనక్కి తెమ్మని నన్ను పంపారు.

"నువ్వే దొరికావా వాళ్లకి?" అంది యునియా.

"కార్యదర్శిని కదక్కా."

"ఉండు మరి. మాసి ఉంది. ఉతికి ఇస్తాను."

మర్నాడు పట్టీని ఉతికి, ఇస్త్రీ చేసి, బిళ్ల దానికే గుచ్చి నా వాకిట్లో పెట్టి వెళ్లింది. నన్ను పిలవలేదు. నేను లోపలే ఉన్నాను.

వానలు మొదలయ్యేసరికి ఆమెకు కడుపులో నొప్పి పట్టుకుంది. ముందు అజీర్ణం అన్నారు, తర్వాత కాదన్నారు. టౌన్లో ఆసుపత్రికి తీసుకుపోయే ముందు రోజు ఎరియా చిక్కుడు మడి గట్టు మీద నిలబడి నన్ను కేకేశాడు.

"మిరియా! మీ అక్క నిన్ను చూడాలంటోంది."

"రేపు పొద్దున్నే వస్తా బావా."

వెళ్లలేదు. ఆ ఇంటికి ఎవరెవరు పోతున్నారో సంఘంలో లెక్క పెడుతున్నారు. అది తెలిసీ పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. తొమ్మిది రోజులకు, గురువారం పొద్దున, ఆమె ఆసుపత్రిలోనే పోయింది.

మా కొండ పైకి బండి రాదు. రోగినైనా శవాన్నైనా రోడ్డు చివర నుంచి డోలీ మీదే మోయాలి. దానికి మాకొక డోలీ సంఘం ఉంది. ఇరవై నాలుగు మంది మగవాళ్లు. నలుగురు మోస్తుంటే మిగతావాళ్లు వెంట నడిచి భుజాలు మారుస్తారు. శవపెట్టె వచ్చేసరికి అందరూ రోడ్డు దగ్గరే ఉన్నారు. అయ్యగారూ ఉన్నారు, చేతిలో ఇంకో కాగితంతో.

"చివరి రోజుల్లో ఆమె పశ్చాత్తాపపడిందని చదువు ఎరియా. చాలు. భూస్థాపన నేనే చేస్తాను, తల్లుల సంఘం పాటలు పాడుతుంది, అన్నీ సక్రమంగా జరుగుతాయి."

"ఆమె పడలేదు అయ్యగారూ."

"పోయిన మనిషికి తెలుస్తుందా?"

"నాకు తెలుస్తుంది." ఎరియా కాగితం అందుకోలేదు. "ఒకటి చదివాను మీరు చెప్పారని. ఆ రోజు నుంచి ఏడు నెలలు నా భార్య నాతో మాట్లాడలేదు. వండి పెట్టింది, బట్టలు ఉతికింది, మాట మాత్రం లేదు. ఆసుపత్రిలో నర్సుతో మాట్లాడింది, పక్క మంచం మనిషితో మాట్లాడింది. నేను నీళ్లిస్తే తాగి గోడవైపు తిరిగింది. ఈ రెండోది చదవను."

అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. వెనకే డోలీ మనుషులు ఒక్కొక్కరే కదిలారు. ఒకడు కాలు నొప్పన్నాడు. ఒకడు ఆవు ఈనుతోందన్నాడు. చాలామంది ఏమీ అనలేదు. ఐదుగురు మిగిలారు.

"ఏంట్రా బెనోనీ, నువ్వు పోవా?" అని వెళ్లేవాళ్లలో ఒకడు ఎగతాళి చేశాడు.

"మా అమ్మను ఈమే కడిగింది పోయినప్పుడు," అన్నాడు బెనోనీ. "నువ్వు పో. నీ ఆవు ఎదురుచూస్తోంది."

ఐదుగురికి ఎరియా ఆరోవాడు. అరవై ఏడేళ్ల మనిషి. వాన పట్టింది. నేను యూకలిప్టస్ చెట్ల మాటున ఉండి చూస్తున్నాను. రెండో మలుపులో ఎరియా జారాడు. పెట్టె మూల రాయికి తగిలిన చప్పుడు నా దాకా వినిపించింది. ఇక నిలబడలేక పరుగెత్తుకెళ్లి వంగి ఆ మూల పట్టుకోబోయాను.

"పక్కకు జరుగు మిరియా," అన్నాడు ఎరియా. కోపంగా కాదు. "దారి ఇరుకు."

జరిగాను. వాళ్లు నా పక్కనుంచి పైకి వెళ్లిపోయారు.

వాళ్ల ఇంటి పక్కనే తవ్విన గుంట దగ్గర ప్రార్థనలు ఎరియానే చదివాడట. అయ్యగారి అనుమతి లేకుండా చదివినందుకు నెల తిరక్కుండా ఉపదేశి పని పోయింది. ఇప్పుడు ఆదివారాలు అతని వాకిట్లో మోసిన ఐదుగురూ, వాళ్ల ఇళ్లవాళ్లూ కూడుతున్నారు. పంతొమ్మిది మంది అయ్యారు. చర్చిలో వాళ్లకు 'ఇంగ్లండువాళ్లు' అని పేరు పెట్టారు. వాళ్ల పిల్లలు దారిలో కనబడితే మా పిల్లలు పలకరించరు. నిజానికి ఆ పంతొమ్మిది మందిలో ఒక్కరు కూడా ఆ దీవెనలకు ఒప్పుకోరు. బెనోనీ అయితే లాయిస్ పేరు ఎత్తితేనే ఉమ్మేస్తాడు. ఒక ముసలిదాన్ని మోశారు, అంతే.

లాయిస్ రాలేదు. అలాంటి జంటలను జైల్లో పెట్టే కొత్త చట్టం వచ్చాక రావడం ఎట్లా? తండ్రి ఫోన్ ఎత్తడు. రెండు నెలలకు నాకు చేసింది.

"పిన్నీ, అమ్మ చివర్లో నన్ను అడిగిందా?"

అడిగిందని చెప్పడం ఎంతసేపు? నోటి దాకా వచ్చింది.

"నాకు తెలీదమ్మా. కబురు పెట్టింది. నేను వెళ్లలేదు."

 ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"పాతిపెట్టిన చోటు ఫోటో పంపుతావా?" అంది. గొంతులో ఏడుపు లేదు, ఇంకేమీ లేదు.

మర్నాడు పొద్దున చిక్కుడు మడి దాటి వెళ్లాను. మట్టి ఇంకా కుంగుతోంది, పైన గడ్డి మొలవలేదు. ఎరియా గుమ్మంలో కూర్చుని నేను ఫోటో తీయడం చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఫోటో పంపాను. అది చేరిందో లేదో లాయిస్ చెప్పలేదు.