సరోజన ఫోన్లో నా షుగరు

ముందే చెబుతున్నాను, నేను తినలేదు. లడ్డూ తినలేదు, బెల్లం ముక్క నోట్లో వేసుకోలేదు, ఎవరి పెళ్లి బంతిలోనూ చాటుగా జిలేబీ లాగించలేదు. ఈ మాట నా భార్య సరోజన నమ్మలేదు, నా కొడుకు రాజీవ్ నమ్మలేదు, జనగామలోని కళ్ల డాక్టరు అసలే నమ్మలేదు. కొడకండ్లలో ఎన్నో పంచాయితీలు తెంపినవాణ్ణి, నిరంజన్ మాట అంటే ఇంత విలువ ఉన్నవాణ్ణి, చివరికి అగ్గిపెట్టెంత మిషను ముందు దొంగనై నిలబడ్డాను.

అసలు సంగతి నా కళ్ల దగ్గర మొదలైంది. రెండు కళ్లకూ పొర వచ్చింది. వాకిట్లో నిలబడ్డ మనిషి ఎవరో గొంతు వింటే తప్ప గుర్తుపట్టలేను. పోయిన వానకాలం పొలం దగ్గర బైకును నేరుగా కాలువలోకి దింపాను. ఆ రోజు నుంచి బైకు తాళం రాజీవ్ పట్టుకుపోయాడు. వాడు హనుమకొండలో ఉద్యోగం చేస్తాడు. బైకు ఇక్కడ, తాళం అక్కడ, నేను ఎటూ కాకుండా నడుమ. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని డాక్టరు చెప్పాడు. కాకపోతే షుగరు రెండు వందల లోపు నిలకడగా ఉండాలట, లేకపోతే పుండు మానదట, అంతవరకూ కత్తి ముట్టనన్నాడు.

దాంతో రాజీవ్ ఆ మిషను తెచ్చాడు. వేలు పొడిచి, నెత్తురు చుక్క ఒక పట్టీకి అంటిస్తే అంకె వస్తుంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ అంకె ఫోన్లోకి పోతుంది, అక్కడి నుంచి హనుమకొండలో వాడి ఫోన్లోకి పోతుంది, వాడు దాన్ని డాక్టరుకు పంపిస్తాడు. తీగ లేదు, ఏమీ లేదు. నాది నొక్కుడు బటన్ల ఫోను కాబట్టి ఆ లింకేదో సరోజన ఫోన్లో పెట్టాడు.

“అమ్మా, నువ్వేం చెయ్యక్కర లేదు. వేలు పొడిస్తే చాలు, మిగతాదంత అదే చూసుకుంటది,” అన్నాడు.

సరోజన ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

రోజూ తెల్లవారగానే నా వేలు పొడిచేది. నూట ముప్ఫై, నూట ఇరవై ఎనిమిది, ఒకసారి నూట నలభై. నాకు పట్టపగ్గాలు లేవు. జొన్నరొట్టె తిని, కాకరకాయ కూర తిని, చక్కెర లేని చాయ కోసం బస్టాండు హోటలుకు దర్జాగా పోయేవాణ్ణి. ఇంకో పదిహేను రోజులైతే నా బైకు నేను నడుపుకుంటానని అందరికీ చెప్పుకున్నాను కూడా.

ఒకరోజు హోటలు నుంచి ఇంటికి వచ్చేసరికి సరోజన గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఏం తిన్నవ్?” అంది.

“ఏం తినలే. చాయ తాగిన.”

“కొడుకు ఫోన్ చేసిండు. నీ షుగర్ మస్తు పెరిగిందంట. బాపు ఏం తింటున్నడే అని నన్ను అడుగుతున్నడు. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు ఎన్నొద్దులు తింటవ్?”

“పొద్దుగాల నువ్వే చూసినవ్ గద, నూట ముప్ఫై ఉండె.”

“అప్పుడు ఉండె. నువ్వు హోటల్‌కు పోయినంక పెరిగిందంట.”

“నేను హోటల్ల ఉంటే మిషన్ ఇంట్ల ఉండె. నేను తిన్నది దానికెట్ల ఎరుక?”

“గదంత నాకేం తెలుసు? లింకు ఉన్నదన్నడు గద,” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తీగ లేకుండా అంకె హనుమకొండకు పోయినప్పుడు, నా కడుపులో సంగతి బస్టాండు నుంచి ఇంటికి రాదా? మరునాడు హోటల్లో చాయ తాగుతుంటే ఎవరో వెనుక నిలబడి చూస్తున్నట్టే అనిపించింది. చక్కెర వేశావా అని హోటలు సురేందర్‌ను నిలదీశాను. వాడు వాళ్ల అమ్మ మీద ఒట్టు పెట్టాడు. పక్కన కూర్చున్న నలుగురు నా షుగరు గురించి తలా ఒక మాట అన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాదు.

చాయ మానేశాను, హోటలుకు పోయి ఉత్తగా కూర్చుని వచ్చేవాణ్ణి. అయినా పెరిగిందని ఫోను. కల్లు మానేశాను. ఇంకా పెరిగిందని ఫోను. అన్నం పూర్తిగా మానేసి మక్క గటక, అదే మక్కజొన్న జావ, తాగాను. ఆ రోజైతే రాజీవ్ ఫోన్లోనే అరిచాడు. పట్టీల డబ్బా కూడా తెచ్చినంత తొందరగా అయిపోతోందట, చాటుగా తిని చాటుగా చూసుకుంటున్నానని వాడి అనుమానం. తినేకొద్దీ తగ్గి, మానేసేకొద్దీ పెరిగే రోగం ఏదైనా ఉందేమో నాకు తెలియదు. నిద్రలో లేచి వంటింట్లోకి పోతున్నానేమో అని నా మీద నాకే అనుమానం వచ్చింది. ఒక రాత్రి బెల్లం డబ్బా మూత మీద గిన్నె బోర్లించి పడుకున్నాను. పొద్దున చూస్తే గిన్నె అక్కడే ఉంది. కానీ గిన్నెను మళ్లీ సర్ది పెట్టేంత తెలివి నిద్రలో కూడా నాకు ఉంటుంది కదా అని మళ్లీ అనుమానం. మనిషికి పిచ్చి ఇట్లాగే పడుతుంది.

ఆదివారం రాజీవ్ ఊరికి వచ్చాడు. చెప్పులు విడవకముందే నా మంచం పక్కన కూర్చున్నాడు. సరోజన వెనుక దొడ్లో గిన్నెలు తోముతోంది.

“బాపూ, నిజం చెప్పు. నేను తిట్టను.”

“ఏం చెప్పాల్రా?”

“నిన్న ఒక్క పొద్దుగాలనే నాలుగు సార్లు చూసుకున్నవ్. మొదలు నూట ఇరవై ఎనిమిది. తర్వాత మూడు వందల తొంబై ఆరు. తర్వాత డెబ్బై నాలుగు. తర్వాత రెండు వందల పది. అంత గంట సేపట్లనే! డాక్టర్‌కు పంపిస్తే నవ్విండు. ఈ మనిషి నడుస్తున్నడా, పండుకున్నడా అని అడిగిండు. ఆపరేషన్ ఇప్పట్ల కాదన్నడు.”

ఇప్పట్లో కాదు అనేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది. “నేను ఒక్కసారే చూసుకున్న! మీ అమ్మనే పొడిచింది. మిషన్ ఖరాబ్ అయింది, పారెయ్!”

“ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మిషన్ మీద పెట్టకు బాపూ.”

నేను లేచి నిలబడ్డాను. వాడూ లేచాడు. ఇద్దరి గొంతులూ వీధిలోకి పోతున్నాయి. సరిగ్గా అప్పుడు వాకిట్లో ఒక ఆకారం కనబడింది. గొంతు వినగానే పక్కింటి రాధమ్మ అని తెలిసింది.

“సరోజనక్కా! ఇయ్యాల జర నాది చూస్తవా? నిన్న ఎక్కువొచ్చింది గద, రాత్రి అన్నం తినలే నేను,” అంటూ ఆమె వేలు ముందుకు చాచుకునే లోపలికి వచ్చింది.

రాజీవ్ ఆ వేలు వంక చూశాడు. తరువాత నా వంక చూశాడు.

“ఏం చూడాలె రాధమ్మా?” అన్నాడు మెల్లగా.

“షుగర్ కొడుకా. మీ అమ్మ అందరికి చూస్తది. పోశాలుకు చూసింది, వాళ్ల మరదలుకు చూసింది. మీ బాపు హోటల్‌కు పోయినంక వస్తం మేము. పెద్దమనిషి ముంగట ఏం కూసుంటమని.”

సరోజన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె గొంతులో తప్పు చేసిన జాడ ఏమీ లేదు.

“ఇంటికొచ్చి అడిగితే లేదంటమా? సూది మారుస్తున్న ఒక్కొక్కలకు, నువ్వు చెప్పినట్టే,” అంది.

“అమ్మా! అవన్ని బాపు పేరు మీద పడుతున్నయే!”

“ఆయన పేరు మీద ఎందుకు పడుతయి?” సరోజన నిజంగానే తికమకపడింది. “రేషన్ షాపుల ఉత్తగ వేలు పెడితెనే రాధమ్మ అని పేరొస్తది. వేలిముద్రతోనే గా డబ్బా మనిషిని గుర్తుపడుతుంటే, గీ మిషన్ వేలు పొడిచి నెత్తురే తీసుకోవట్టె. గింత నెత్తురు తీసుకొని ఎవలదో తెల్వదా దానికి? మిగతాదంత అదే చూసుకుంటదని నువ్వే అంటివి.”

రాజీవ్ తల పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. నాకు మాత్రం ఏనుగెక్కినంత సంబరమైంది. “విన్నవా? విన్నవారా? ఊరందరి షుగర్ నా నెత్తిన పెట్టి నన్ను దొంగను చేసిన్రు! డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి. నిరంజన్ తినలేదని చెప్పు!” అని అరిచాను. చాయ, కల్లు, అన్నం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి ఇంకా గట్టిగా అరిచాను.

రాజీవ్ నవ్వుతూనే ఫోను తీశాడు. “ఆగు బాపూ. ఏది ఎవలదో చూసి, నీవి కానియి తీసేసి పంపిస్తే డాక్టర్ ఒప్పుకుంటడు. నిన్నటివి చూద్దాం. డెబ్బై నాలుగు ఎవలది?”

“పోశాలుది,” అంది రాధమ్మ. “పొద్దటి నుంచి ఏం తినలేదని కండ్లు తిరుగుతున్నయన్నడు. అక్క బెల్లం పెట్టింది.”

“రెండు వందల పది?”

“నాదే కొడుకా.”

“మరి మూడు వందల తొంబై ఆరు?”

అది ఎవరిదో తెలియదంది రాధమ్మ. రాజీవ్ ఫోన్ మీద వేలితో పైకి జరుపుతూ పోయాడు. వాడి నవ్వు తగ్గిపోయింది. “మొన్న గూడ ఉన్నది, మూడు వందల ఎనభై. అటు మొన్న నాలుగు వందల పన్నెండు. రోజు ఉన్నది. రోజు వచ్చేటోళ్లు ఎవలున్నరు?”

“రోజు ఎవ్వలు రారు. ఓ పూట ఒకలం, ఓ పూట ఒకలం,” అంది రాధమ్మ. “మీ అమ్మ ఒక్కతే రోజు పొడుసుకునేది. సూదంటే మాకు భయం గద. చూడున్రి నొప్పి లేదని మొదలు తన వేలే పొడుసుకుంటది,” అంది.

“అది సూపియ్యనీకి,” అంది సరోజన.

“మిషన్ ఖరాబ్ అయింది,” అన్నాను నేను. ఇందాకటి మాటే. కానీ ఇప్పుడు నిజం కావాలని అన్నాను.

రాజీవ్ సరోజనతో చేతులు కడిగించాడు. సబ్బుతో ఒకసారి, ఉత్త నీళ్లతో ఒకసారి. తుండుతో వాడే తుడిచాడు. కొత్త సూది, కొత్త పట్టీ. అంకె నాకు కనబడలేదు గానీ వాడు చదవకుండా మిషను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎంతరా అని రెండుసార్లు అడిగాక, నాలుగు వందలు దాటిందన్నాడు. నా వేలు పొడిచాడు, నూట ముప్ఫై ఐదు. తన వేలు పొడుచుకున్నాడు, తొంభై చిల్లర. మిషనుకు ఏ రోగమూ లేదు.

“అమ్మా, గింత వస్తుంటే నువ్వు చూడలేదా?”

“చూసిన.”

“మరి చెప్పవేందే!”

సరోజన వాడిన సూదిని కాగితంలో చుడుతూ జవాబిచ్చింది. గొంతులో నిష్ఠూరం లేదు, ఉంటే బాగుండేది.

“చెప్పుడెందుకు, నీ ఫోన్ల పడుతున్నది గద. నా పేరు మీద పోతున్నదనే అనుకున్న. రోజు పొద్దుగాల ఫోన్ చేస్తుంటివి. ఇయ్యాల అడుగుతవ్, రేపు అడుగుతవ్ అని చూసిన. నువ్వు మీ బాపు సంగతే అడిగినవ్. డాక్టర్‌కు గూడ పోతున్నయంటివి. ఆయన గూడ ఏమనకపోయేసరికి, నాకొచ్చింది గంత పెద్దదేం కాదు గావచ్చు అనుకున్న.”

రాధమ్మ చాచిన వేలు ఎప్పుడో మడుచుకుంది. నేను తినలేదని రుజువైంది, నా ఆపరేషన్ అవుతుంది, నా బైకు నాకు వస్తుంది. ఇన్ని రోజులూ నేను కోరుకున్నది అదే. అది ఇట్లా చేతికొస్తుందని తెలిస్తే ఆ లడ్డూలన్నీ నేనే తిన్నానని ఒప్పుకునేవాణ్ణి.

“చెప్పులేసుకో. జనగామ దవాఖానకు పోదాం,” అన్నాను.

“ఆదివారం నీ కండ్ల డాక్టర్ ఉండడు గద.”

“నా కండ్లకు కాదు.”

“మొదలు నీ ఆపరేషన్ కానియ్యి. నాకేమైంది, తిరుగుతనే ఉన్న గద,” అంది సరోజన, గుంజకు ఆనుకుని నిలబడి.

నాలుగు అడుగుల దూరంలో ఉంది. అక్కడి నుంచి నాకు చీర రంగు తెలుస్తుంది, ముఖం తెలియదు. ఆమె చిక్కిపోయిందో, అలసిపోయిందో, ఏడుస్తోందో, నవ్వుతోందో నాకేమీ కనబడటం లేదు. దగ్గరికి పోయాను.

“నీకు ఎట్లున్నది సరోజనా?” అని అడిగాను.