ముందే తీరిన మొక్కు

పెద్ద గంజులోని పప్పును మల్లవ్వ అడుగంటకుండా కలుపుతోంది. క్యాంటీన్ రేడియోలో వార్తలు మొదలయ్యాయి. శ్రీలంకలో జాఫ్నా పట్టణం మన సైన్యం చేతికి వచ్చిందట. ఆ నాచారం ఫ్యాక్టరీలో ఆ ఊరి పేరు తడబడకుండా పలికేది ఆమె ఒక్కతే. కొడుకు కనకరాజు పటాలంతో అక్కడికే వెళ్ళాడు మరి.

"అక్కా, మనోళ్ళు ఊరు గెలిసిన్రు. దావత్ ఎప్పుడు?" అన్నాడు వెల్డర్ హన్మయ్య పళ్ళెం చాపుతూ.

"ఇయ్యాల్నే," అంది మల్లవ్వ.

ఏ పనీ రేపటికి ఉంచే మనిషి కాదు. మొగుడు రాజయ్య చనిపోయి నెల తిరగకముందే పసివాణ్ణి చంకనేసుకుని ఇక్కడ అంట్లు తోమడానికి చేరింది. తోమే చేయి వండే చేయి అయింది. జుట్టు నెరిసింది. ఆ పిల్లాడు పొద్దున్నే ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా పరుగెత్తి పరుగెత్తి పటాలంలో చేరాడు. వాడు క్షేమంగా వస్తే పోచమ్మకు కోడిని కోస్తానని మొక్కుకుంది.

సాయంత్రం కోడితో గుడికి బయలుదేరితే పక్కింటి శాంతాబాయి ఆపింది.

"పిలగాడు గడప దొక్కినంక గదనే మొక్కు దీర్చేది?"

"ఊరే దొరికినంక ఇంకేం లడాయి? పోచమ్మ తల్లిని ఎందుకు ఎదురుసూడబెట్టాలె?"

శాంతాబాయి దారి వదిలింది. మల్లవ్వతో వాదించడం కన్నా గోడతో మాట్లాడటం నయం.

మొక్కు తీర్చి వచ్చాక కోడికూర ఉడికేసరికి చిల్కానగర్‌లోని ఆమె ఒంటిగది ముందు మిలిటరీ జీపు ఆగింది. యూనిఫారంలో ఇద్దరు దిగారు. కొడుకు దోస్తులే అనుకుని మల్లవ్వ పొంగిపోయింది. వాళ్ళను నోరు తెరవనివ్వకుండా చాప పరిచి, అన్నం పెట్టి, కోడికాళ్ళు రెండూ చెరొకరికి వేసింది.

"ముందుగాల తినున్రి బిడ్డా. ముచ్చట తర్వాత."

చిన్నవాడు తల వంచుకున్నాడు. పెద్దాయన ముద్ద కలిపాడు గానీ నోటిదాకా ఎత్తలేకపోయాడు.

"అమ్మా, మీరు కాస్త కూర్చోండి," అన్నాడు.

కనకరాజు ఆ పట్టణం చూడనేలేదు. పోయిన వారమే, దారిలో మందుపాతర పేలి చనిపోయాడు.

మల్లవ్వ చేతిలోని గరిటె కింద పెట్టలేదు. పెద్దాయన్ని అడిగింది.

"మరి నేనియ్యాల ఎవలి కోసం మొక్కు దీర్చిన?"

పెద్దాయన పళ్ళెం పక్కకు జరిపాడు. గోడవతల వింటున్న శాంతాబాయి వచ్చి మల్లవ్వ భుజం పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది మల్లవ్వ.

జీపు వెళ్ళిపోయాక చూస్తే, అన్నానికి కూర్చుంటూ పెద్దాయన తీసిన టోపీ చాప మీదే ఉంది. మల్లవ్వ దాన్ని తిరగేసింది. లోపలి పట్టీ చెమటకు ఇంకా తడిగానే ఉంది.