పిడుగుపిట్ట ఆఖరి గడి

మా కామిక్కుల కంపెనీలో చావుకి ఒకటే రూలు. శవాన్ని గీస్తేనే మనిషి చచ్చినట్టు. కొండ మీంచి తోసెయ్యండి, సముద్రంలో ముంచెయ్యండి, బాంబు పెట్టి పేల్చెయ్యండి, పేజీలో శవం కనపడే బొమ్మగడి ఒకటి లేకపోతే ఆ మనిషి ఎక్కడో బతికే ఉన్నాడని అర్థం. అమ్మకాలు పడిపోయిన ఏ సంవత్సరమో తడిబట్టలతో నడుచుకుంటూ వచ్చేస్తాడు. మా విలన్లలో సగం మంది అలా తిరిగొచ్చిన మహానుభావులే.

అందుకే, పిడుగుపిట్ట ముసుగుని వేరే పాత్రకి ఇచ్చేస్తున్నామని ఎడిటరు చెప్పినప్పుడు నేను ఏడవలేదు. కాళ్ళూ గడ్డమూ పట్టుకోలేదు. నేరుగా శవం సంగతి అడిగాను.

పిడుగుపిట్ట మా అన్నయ్య పుట్టించిన హీరో. ముక్కున్న ముసుగు, బక్క ఒళ్ళు, ఎక్కడ ఆపద ఉంటే అక్కడ పిడుగులా దిగుతాడు. అన్నయ్య పెన్సిలుతో గీస్తాడు, నేను దాని మీద కుంచెతో ఇంకు వేస్తాను. పెన్సిలు చెరిగిపోయేది, అచ్చులో పడేది ఇంకే. అన్నయ్య గీత ఎక్కడైనా వణికితే, వంకరపోతే, ఇంకు వేసేటప్పుడు నేను సరిచేస్తాను. నా చదువు అయిపోయినప్పటి నుంచీ నా బతుకంతా ఆ గీతల మీదే గడిచింది.

పోయిన వానాకాలం అన్నయ్య పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కుప్పకూలిపోయాడు. పక్షవాతం. కుడివైపంతా పోయింది, ఆ పక్క పెదవి కూడా జారిపోయింది. మాటలు కూడా ఒకటీ అరా వస్తాయి, అవీ వెతుక్కుంటే. కొన్ని నెలలు పాత కథలే మళ్ళీ వేసి నెట్టుకొచ్చారు. తర్వాత నన్ను పిలిచారు.

ఎడిటరుని ఆఫీసులో అందరూ వెనకాల కత్తెర అంటారు. ఎంత మంచి మాటైనా బొమ్మ పక్కన మాటల బుడగలో పట్టకపోతే కోసేస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. అన్నయ్యని చూడ్డానికి పళ్ళు పట్టుకొచ్చి, పైన నవ్వుతూ కబుర్లు చెప్పి, కిందికి దిగేటప్పుడు మెట్ల మీద కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూశాను. అయినా ఆ రోజు ఆయన మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముసుగు ముఖ్యమమ్మా. లోపల ఎవరుంటే ఏంటి? పిల్లలు కొనేది ముసుగునే" అన్నాడు.

"లోపల ఉన్నది మా అన్నయ్య."

"మీ అన్నయ్య కాదు, పిట్ట. పిట్ట కంపెనీది."

ఉన్న మాటే. అందుకే ఉలికిపడ్డాను.

కొత్త పిట్ట ఎవరంటే, వంతెన పని దగ్గర క్రేన్ నడిపే ఒక అమ్మాయి. కూలుతున్న వంతెన మీద పిట్ట జనాన్ని కాపాడతాడు, పడిపోతూ ముసుగు ఆ అమ్మాయి చేతిలో పెడతాడు, కింద నదిలో పడతాడు. వచ్చే సంచిక నుంచి ముసుగు ఆమెది. గీసేది కూడా ఒక కొత్తమ్మాయే. అప్పటికే అన్నయ్య బల్ల దగ్గర, అన్నయ్య కుర్చీలో కూచుని ఉంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది.

"అక్కా, నేను మీ అన్నయ్యగారి పిట్టని చూసే బొమ్మలు నేర్చుకున్నా."

"నేర్చుకుని గురువు కుర్చీకే ఎసరు పెట్టావు. బాగుంది."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "నేను కాదంటే ఇంకొకరికి ఇస్తారక్కా" అంది మెల్లగా. అదీ ఉన్న మాటే. ఆ ఆఫీసులో ఆ రోజు అందరూ నిజాలే చెప్పారు. అబద్ధం చెప్పేవాళ్ళు ఒక్కరున్నా పోట్లాడడానికి వీలుగా ఉండేది.

చివరికి నాకు మిగిలింది ఆ శవం ఒక్కటే. కత్తెరతో గొంతు పోయేదాకా వాదించాను. శవం గీస్తే ఈ సంచికకి ఇంకు వెయ్యనన్నాను. శవం గీస్తే కన్నీళ్ళొస్తాయి, కన్నీళ్ళుంటే అమ్మకాలుంటాయి అని ఆయన. మింగలేక కక్కలేక కాసేపు పెన్ను నములుతూ కూచుని, ఆఖరికి ఒప్పుకున్నాడు. "సరే. నది చూపించి ఆపేద్దాం. ఉత్త నీళ్ళు. చాలా?"

చాలు. నాకదే చాలు. నీళ్ళున్నంతకాలం పిట్ట బతికున్నట్టే. అన్నయ్య చెయ్యి బాగైన రోజున పిట్ట ఆ నీళ్ళలోంచి లేచొస్తాడు. ముసుగు తిరిగి తీసుకుంటాడు. అప్పటిదాకా ఆ పిల్ల గీసుకుంటుంది, ఎవరొద్దన్నారు?

పేజీల పెన్సిలు పని అయ్యాక అన్నయ్య ఇంటికి వెళ్తే, వదిన గుమ్మంలోనే నన్ను ఆపింది. బొమ్మల పేజీలు పెట్టుకునే అట్టసంచీ నా చేతిలో చూసి, తలుపు వెనక్కి లాగి, గొంతు తగ్గించింది.

"ఆయనకి లేనిపోని ఆశ పెట్టకు. ఆ చెయ్యి ఇక గీయదని డాక్టరు నాతో చెప్పాడు. మీ అన్నయ్యకి చెప్పలేదు."

"డాక్టరు దేవుడా వదినా?"

"కాదు. నువ్వూ కాదు" అంది. అని, దారి ఇచ్చింది.

అన్నయ్య కిటికీ పక్క మంచం మీద దిళ్ళకి ఆనుకుని ఉన్నాడు. కుడిచేతిలో మెత్తటి రబ్బరు బంతి. రోజూ దాన్ని నొక్కమన్నారు. నొక్కుతున్నాడో, ఊరికే అందులో పెట్టారో తెలియనట్టుంది ఆ చెయ్యి. నేను చంటిపిల్లకి కథ చెప్పినట్టు పేజీలు ఒక్కొక్కటే చూపించాను. ఇంకా ఇంకు పడలేదు, అన్నీ కొత్తమ్మాయి పెన్సిలు గీతలే. ఆ పిల్ల చేతులు బాగా గీస్తుంది. నిజం చెప్పాలంటే అన్నయ్యకన్నా బాగా గీస్తుంది. నేను ఆ మాట అనలేదు. అన్నయ్యే క్రేన్ మీటని పట్టుకున్న చేతి దగ్గర వేలు పెట్టి, "బావుంది" అన్నాడు. ఆ పేజీ గబుక్కున వెనక్కి తీసేశాను.

ఆఖరి పేజీ తీశాను. ముసుగు అమ్మాయి చేతిలో ఉంది. కింద వెడల్పుగా ఆఖరి గడి. నది, రాళ్ళున్న గట్టు, అంతే.

అన్నయ్య చాలాసేపు చూశాడు. "శవం?"

"లేదన్నయ్యా! కత్తెరతో కొట్లాడి తీయించేశాను. నువ్వు లేచాక..."

నా మాట పూర్తి కాకుండానే ఎడమచెయ్యి చాపాడు. పెన్సిలు కావాలన్నమాట. నా గుండె ఎగిరి గంతేసింది. పడిపోయినప్పటి నుంచీ పెన్సిలు అడగడం అదే మొదటిసారి. "వదినా, రా, చూడు!" అని కేకపెట్టాను. పేజీ గీసిన అట్ట ఆయన ఒళ్ళో పెట్టి, వెనక దిండు సర్ది, పెన్సిలు ఎడమచేతి వేళ్ళ మధ్య ఇరికించాను.

గీత చీమ నడిచినట్టు నడిచింది. నీళ్ళ అంచున ముందు ఒక చెయ్యి వచ్చింది. పిట్ట గట్టుకి పాకుతున్నాడనుకున్నాను. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. తర్వాత భుజం వచ్చింది, ఛాతీ వచ్చింది. పాకుతున్న మనిషి ఛాతీ ఆకాశం వైపు ఉండదు. అరచెయ్యి దేన్నీ పట్టుకోలేదు, ఊరికే తెరుచుకుని ఉంది. చివరికి మొహం వేశాడు. ముసుగు లేదు కదా, ఉత్త మొహం. ఇన్నేళ్ళలో ఒక్క గడిలోనూ చూపించని మొహం. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

"వద్దన్నయ్యా" అన్నాను. "ఎందుకు? దీనికోసం ఎంత పోట్లాడానో తెలుసా?"

అన్నయ్య మాట కోసం వెతుక్కున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "వీడుంటే... ముసుగు... ఆ పిల్లది కాదు."

"కాకపోతే పోయింది! దాని సంగతి మనకెందుకు? పిట్ట నీది. నువ్వు లేచాక గీయడానికి పిట్ట ఉండొద్దా?"

"నేను... రాను."

వదిన చెప్పేసిందేమోనని తిరిగి చూశాను. వదిన అడ్డంగా తల ఊపింది. ఆమె కళ్ళు నిండిపోయి ఉన్నాయి. ఎవరో చెప్పక్కర్లేదు, అది ఆయన చెయ్యి. మా ఇద్దరికన్నా ముందు ఆయనకే తెలిసి ఉంటుంది. మేము నవ్వుమొహాలు పెట్టుకుని బంతి నొక్కమన్నప్పుడల్లా, మా కోసం ఊరుకున్నాడు.

నా సంచీలో రబ్బరుంది. పెన్సిలే కదా, ఆఫీసుకి వెళ్ళే దారిలో నాలుగు రుద్దులు రుద్దితే మళ్ళీ ఉత్త నీళ్ళు మిగులుతాయి. ఆ ఆలోచన వచ్చిందో లేదో అన్నయ్య నా మొహంలోకి చూశాడు. చిన్నప్పటి నుంచీ నన్ను పెంచిన మనిషి. అట్ట మీద ఎడమచెయ్యి బోర్లించి పెట్టి, కళ్ళతో నా సంచీలోని కుంచెనీ ఇంకుసీసానీ చూపించాడు.

"ఇక్కడే" అన్నాడు.

ఏం చెయ్యగలను? ఆయన గీస్తే నేను ఇంకు వెయ్యాలి, అంతకు మించి నాకు ఈ లోకంలో వేరే పని చేతకాదు. వదిన వచ్చి అట్ట అంచు పట్టుకుంది. ముందు నీళ్ళకి వేశాను, రాళ్ళకి వేశాను, ఎంత ఆలస్యం చెయ్యొచ్చో అంత చేశాను. ఆ తర్వాత చేతికి, ఛాతీకి. గీత వణికిన చోటల్లా నా కుంచె దానంతటదే సాఫు చేసుకుంటూ పోయింది. అన్నయ్య చెయ్యనిచ్చాడు.

మొహం దగ్గరికొచ్చాను. పెదవి ఒక పక్కకి జారిపోయి ఉంది. ఎడమచేతి పొరపాటు అనుకుని కుంచె పైకి తిప్పబోయాను.

"కాదు" అన్నాడు.

"వంకరగా ఉందన్నయ్యా. సరిచేస్తాను."

"కాదు. అలాగే."

అప్పుడు తలెత్తి ఆయన్ని చూశాను. చూడకుండా ఉండాల్సింది. మళ్ళీ తల దించుకుని, ఆ పెదవిని ఎలా ఉన్నదాన్ని అలాగే నల్లగా దిద్దాను. నా పనంతట్లో అన్నయ్య గీతని సరిచెయ్యకుండా వదిలేసింది అదొక్కటే. నా చెయ్యి వణకలేదు. వణికితే బాగుండేది, అట్ట పాడైపోయేది.

కళ్ళకి కూడా వేసేశాక కుంచె కడగడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. ఏదో ఒకటి అనకపోతే ఆ గదిలో ఊపిరాడేలా లేదు.

"నువ్వు మళ్ళీ గీస్తావు, చూస్తూ ఉండు" అన్నాను.

అన్నయ్య ఆ తడి ఇంకు వంకే చూస్తున్నాడు. పడిపోయినప్పటి నుంచీ ఆయన మొహం అంత తేటగా నేను చూడలేదు.

"గీశాగా" అన్నాడు.