ఎదురుగాలిలో మొహమాటం

భీమరాజు గారి గుండెలో స్టెంటు వేసి ఏడాదైంది. మా సామర్లకోట సైకిల్ బృందంతో ఆయన పాలకొల్లు వెళ్ళి రావడానికి డాక్టరు ఒప్పుకున్నాడు గానీ, భార్య లోవమ్మ గారు ఒప్పుకోలేదు. పోను వంద కిలోమీటర్లు, రాను వంద. చివరికి ఆవిడ నా చేతులు పట్టుకుని, "మీరు ఆయన వెనకాలే ఉంటానంటే పంపుతానండి, రెబెక్కా టీచర్ గారూ" అన్నారు. నేను సరేనన్నాను. ఎంత పెద్ద మాట ఇచ్చానో తెల్లారి సైకిలెక్కాక గానీ తెలిసిరాలేదు.

బంగాళాఖాతంలో అల్పపీడనమని ముందు రోజే అందరి ఫోన్లకూ వచ్చింది. అయినా ఐదింటికల్లా నలుగురం తయారు. ముందు మందుల షాపు శ్యాంబాబు, తర్వాత బ్యాంకు ఉద్యోగి వినీల, ఆ వెనక భీమరాజు గారు, చివర నేను. తుంపర పడుతోంది. నాకైతే ఇంటికి పోయి దుప్పటి కప్పుకోవాలని ఉంది. మిగతా ముగ్గురూ అంత శ్రద్ధగా లేసులు బిగించుకుంటుంటే ఆ మాట ఎలా అంటాను?

వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది. పదిన్నరకే పాలకొల్లులో వేడి ఇడ్లీ తింటున్నాం. తినేలోగా బయట వాన పెద్దదై, రోడ్డు కాలవైంది. పొద్దున మమ్మల్ని తోసుకొచ్చిన గాలికే ఇక ఎదురు తొక్కాలి. రైల్వే స్టేషను చూస్తే పక్కనే ఉంది.

"ఏం చేద్దామంటారు?" అన్నాడు శ్యాంబాబు.

"మీ ఇష్టమండి" అంది వినీల.

"నాదేముందండి, మీరెలా అంటే అలాగే" అన్నారు భీమరాజు గారు.

నేనూ అదే అన్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎప్పుడో చెప్పింది. అది పూర్తిగా రాస్తే మా పాస్టరు గారికి కోపం వస్తుంది కాబట్టి రాయను. లేచి సైకిళ్ళెక్కాం.

ఎదురుగాలి అంటే ఏమిటో పెనుగొండ దాటాక తెలిసింది. ఎంత తొక్కినా ముందున్న కొబ్బరిచెట్టు దగ్గరకు రాదు. భీమరాజు గారు నెమ్మదించారు. పది నిమిషాలకోసారి నేను "ఎలా ఉందండి?" అని అడగడం, ఆయన వెనక్కి తిరగకుండా "బానే ఉందండి" అనడం. బాగానే ఉన్న మనిషి భుజాలు అలా ఎగసిపడవు. నాకు కోపం, భయం ఒకేసారి పెరిగిపోతున్నాయి.

గోదావరి మీద సిద్ధాంతం ఊరి వంతెన నడిమధ్యలో ఆయన దిగిపోయి రెయిలింగుని పట్టుకున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సైకిలు వదిలేసి పరిగెత్తాను.

"నొప్పా?"

"అబ్బే, బానే ఉందండి."

"ఆ మాట ఇంకొక్కసారి అన్నారంటే మీ సైకిలు గోదాట్లో పడేస్తాను." ఎనిమిదో తరగతిని పాతికేళ్ళు అదిలించిన గొంతు నాది. వాన హోరులో కూడా ముందున్న ఇద్దరూ ఆగిపోయారు. "నాకు భయంగా ఉందండి. పొద్దున్న నుంచీ భయంగానే ఉంది. లోవమ్మ గారికి ఏం ముఖం పెట్టుకుని చెప్పాలి నేను? నిజం చెప్పండి."

ఆయన వంగి పిక్కలు పట్టుకున్నారు.

"నొప్పి లేదండి, ఒట్టు. పిక్కలు పట్టేశాయి. భయం మాత్రం ఉంది. ఆయాసం వచ్చినప్పుడల్లా ఇదేనేమో అనిపిస్తుంది. మీ అందరి సరదా పాడుచేయడం ఎందుకని..."

"సరదా ఏంటండి?" అంది వినీల. "నేను సామర్లకోటలోనే మానేద్దామనుకున్నాను."

శ్యాంబాబు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పాలకొల్లులో ఎవరో ఒకరు రైలంటారని చూశానండి. ఒక్కరూ అనలేదు."

అంటే, ఇష్టం లేని నలుగురం ఒకరి కోసం ఒకరం ఇంత దూరం తడుస్తూ వచ్చాం. నాకు నవ్వొచ్చింది. ముందు నవ్వింది భీమరాజు గారే.

వంతెన దిగాక ఒక టీ పాకలో కూర్చున్నాం. శ్యాంబాబు ఆయన నాడి చూసి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే, నొప్పి లేకపోతే ఆగి ఆగి రమ్మన్నాడు, ఏమాత్రం తేడాగా ఉన్నా వ్యానెక్కమన్నాడు. వ్యాను పిలుద్దామా అన్నాను.

"వద్దండి. ఇప్పుడు నిజంగానే తొక్కాలని ఉంది. ఆగాలంటే నేనే చెబుతాను."

చెప్పారు కూడా. రామచంద్రపురం చేరేలోగా ఏడుసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ నా గుండె కుదుటపడింది. అడగాల్సిన పని తప్పింది కదా. వాన తెరిపిచ్చింది. గాలీ తగ్గింది. వినీల పాటలు మొదలుపెట్టింది, శ్రుతి లేకపోయినా ఎవరం వద్దనలేదు.

వీధిదీపాలు వెలిగాక సామర్లకోట చేరాం. మొత్తం రెండు వందల కిలోమీటర్లూ తొక్కాం. అంతకంటే పెద్ద సంగతి, మనిషిని తెచ్చి అప్పగించాను. లోవమ్మ గారు తువ్వాలు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఎలా ఉందండి?" అన్నారు ఆయనతో.

మళ్ళీ 'బానే ఉంది' అంటారేమో అనుకున్నాను.

"పిక్కలు పట్టేశాయే. వంతెన మీద చచ్చే భయమేసింది" అన్నారు భీమరాజు గారు. "ఏడాది నుంచీ వేస్తూనే ఉంది లోవా. నీకు చెప్పలేదంతే."

ఆవిడ ఆయన తల పూర్తిగా తుడిచారు.

"ఏడాది నుంచీ మీరు పడుకున్నాక లేచి కూర్చుని, ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తున్నానండి. నేనూ మీకు చెప్పలేదు" అన్నారు. "ఇవాళ పడుకుంటాను."