తెల్లగుఱ్ఱము మీది యెఱ్ఱచిలుకలు

శరన్మేఘములు దూదిపింజలవలె విచ్చిపోగా సముద్రానిలశీతలమగు ప్రభాతవేళ బందరుపురోపాంతమందలి కాలువగట్టు ఆరవేసిన యద్దకపు వస్త్రములచేత బహువర్ణపుష్పవనమట్లు శోభిల్లుచుండెను. ఆ వస్త్రములపై బొమ్మలద్దుటయందు నేర్పరియగు తిరపతమ్మ చిన్ననాట భర్తను కోల్పోయియు నవ్వు మఱవని ధీర. కచేరి యుద్యోగియగు అమీను భుజంగరావు ప్రతిదినమును ధవళాశ్వారూఢుడై యా వస్త్రములను తొక్కించుచు తన గుఱ్ఱమున మచ్చయన్నది లేదని గర్వించుచుండెడివాడు. ఒకనాడాతడు కచేరిలోనుండగా తిరపతమ్మ వెలుపల కట్టియున్న యా గుఱ్ఱము కుడిప్రక్కను కొయ్యయచ్చులతో నెఱ్ఱచిలుకలను బారులుగా నద్దెను. ఎడమప్రక్కనుండి యెక్కి యేమియు నెఱుగక వీథులవెంట నేగిన యమీనును గాంచి పురమెల్ల పకపక నవ్వెను.

రోషావిష్టుడగు భుజంగరావు ఆ రంగెన్నటికిని పోదనియు గుఱ్ఱము చెడినదనియు అచ్చుల గుర్తునుబట్టి తిరపతమ్మపై అభియోగము దెచ్చి సాక్ష్యమునకై దానిని కడుగనీయక యుంచెను. పరుల సొత్తు చెఱచుటకు ఇంగ్లీషు శాసనమున "మిస్చిఫ్" అని పేరు. రుజువైనచో కారాగారవాసము.

న్యాయాధిపతియగు దొర కారణమడిగింపగా తిరపతమ్మ చేతులు జోడించి "ఏదో చిలిపికి చేశానండి బాబూ, ఇంకేం లేదండి" అనెను. దుబాసి నరహరిరావు అభ్యాసవశమున చిలిపితనమును "మిస్చిఫ్" అనియే ఇంగ్లీషున వినిపించెను. ఆమె నేరమొప్పుకొన్నదని దొర కలము చేతబట్టెను.

తన నోట వెడలిన యొక్క మాట యొక యాడుదానిని చెఱకు బంపనున్నదని నరహరిరావు గ్రహించెను. తప్పొప్పుకొన్నచో ఇరువదియేండ్ల కొలువు పోవునని యెఱిగియు లేచి యిట్లనియెను.

"ప్రభూ, తప్పు నాది. మీ దేశమున తల్లి తన యల్లరిబిడ్డను ముద్దుగా కసరునపుడును ఈ మాటనే వాడును. శాసనమున దీనికి కీడు తలపెట్టుట యని యర్థము. ఈమె పలికినది తల్లి వాడు మాట."

"ఈమె కీడు తలపెట్టలేదనుటకు నిదర్శనమేమి?" అని దొర యడిగెను.

ఆ ప్రశ్న తెలుగున విన్నంతనే తిరపతమ్మ మొగము వికసించెను. "ఆ రంగులో పటిక కలపలేదండి. పటిక లేని ఎరుపు నిలవదండి బాబూ. కావాలంటే నాలుగు బిందెల నీళ్లు పోయించి చూడండి."

గుఱ్ఱము ప్రాంగణమునకు తేబడెను. నీరు పోసి రుద్దుకొలది చిలుకలొక్కొక్కటిగా కరగి జాఱిపోయెను. నాలవ బిందె ముగియునప్పటికి గుఱ్ఱము చంద్రకాంతిధవళమై సకిలించెను. జనులు చేసిన జయజయధ్వానము కచేరి పెంకులదరునట్లు మ్రోగెను. గంభీరవదనుడగు దొరయు నవ్వాపుకొనలేక యభియోగమును కొట్టివేసి వస్త్రములారు తావున గుఱ్ఱము దిగి నడువవలయునని యమీనునకాజ్ఞాపించెను. పిదప నరహరిరావు వంక తిరిగి "తన మాట తాను దిద్దుకొను దుబాసి నాకు కావలయును" అని కరచాలనమునకు చేయి చాచెను.

అద్దకపువారు డప్పులు మ్రోగింప తిరపతమ్మ రాణివలె తలయెత్తి రాజవీథిని నడచెను. నరహరిరావు మాత్రము పలికినవారి మనసెఱుగక మాటకర్థము చెప్పరాదని యానాడు నేర్చి కొలువున్నంత కాలమును తర్జుమాకు ముందొక క్షణము ముద్దాయి కన్నులలోనికి చూచుచుండెను.