కొసరు కాయలు

ఎనభై ఎనిమిది వేసవిలో నూజివీడు మామిడి షెడ్డుకు కంప్యూటర్ వచ్చింది. బెల్టు మీద వెళ్లే ఒక్కో కాయనూ తూచి బరువు రాసుకోవడం దాని పని. తూకం ప్రోగ్రాం రాసింది హైదరాబాదు ఇంజనీరు శకుంతల. వారం తిరక్కుండానే అది కూలబడటం మొదలెట్టింది. కెర్నెల్, అంటే మిషన్ మొత్తాన్ని నడిపించే అసలు ప్రోగ్రామే, పని నడిమధ్యలో చచ్చిపోయేది. అదీ ఆపరేటరు దుర్గ కూర్చున్న పూటే. రెండో ఆపరేటరు జోజిబాబు పూట నిక్షేపంగా నడిచేది.

ఇంకేం కావాలి? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, శకుంతల మిషన్ చూడ్డానికి వచ్చిన రోజే ఆపరేటరుకు పని చేతకావడం లేదని కాగితం రాసిచ్చేసింది. షెడ్డు యజమాని బసవపున్నారావు మర్నాడే దుర్గను మాన్పించాడు. కాయలు కోసేవాళ్లింట పుట్టి, టైపు నేర్చుకుని ఆ కుర్చీ దాకా వచ్చిన పిల్ల మళ్లీ రెడ్డిగూడెం తోటకు పోయింది.

తన కంపెనీకి నివేదిక పంపాలి గనక, కూలిన క్షణాన మెమరీలో ఏముందో అచ్చువేయించి అప్పుడు చదివింది శకుంతల. కెర్నెల్ సొంత పట్టిక ఉండాల్సిన చోట ఐదు వింత అంకెలున్నాయి. 240, 265, 251... రసం మామిడికాయల బరువులు, గ్రాముల్లో. వందేసి కాయల లెక్కన వస్తాయని బరువులు దాచడానికి ఆమె మెమరీలో వంద గళ్లే కట్టింది. ఆపైన వచ్చినవి పక్కనున్న కెర్నెల్ మీద పడ్డాయి.

వందకు పైన ఎలా వచ్చాయని కాయలు ఏరే సీతమ్మను అడిగింది.

"వందంటే వందేనాండీ? కొసరు ఐదు వెయ్యొద్దూ?"

జోజిబాబు కొసరు కాయల్ని తూచకుండానే బుట్టలో పడేసేవాడట. దుర్గ మాత్రం ప్రతి కాయనూ బెల్టు మీద పెట్టేదట. ప్రతి కాయనూ తూచాలని రాసిపెట్టింది శకుంతలే.

శకుంతల గళ్లు పెంచి మిషన్ బాగుచేసి, తప్పు తనదేనని బసవపున్నారావుకు చాటుగా చెప్పింది. ఆయన నవ్వి, మిషన్ బాగైందిగా, కంపెనీ పరువు ఎందుకు తీసుకుంటారన్నాడు. ఆమె తలూపి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే తోటకు వెళ్లి దుర్గతో అంతా చెప్పి, క్షమించమంది. దుర్గ చేతిలో కాయ గంపలో పెట్టి ఆమె వైపు చూసింది.

"నా తప్పు లేదని నాకు ముందే తెలుసండీ. తెలియాల్సింది షెడ్డులో వాళ్లకి. అక్కడ చెప్పకుండా ఇంత దూరం నా దగ్గరికెందుకొచ్చారు?"

అక్కడ అందరి ముందూ చెప్పే ధైర్యం లేకే వచ్చింది శకుంతల.