మణికట్టు మీద వేలు

కొట్టులో గుండీలు లెక్కపెడుతున్నా, దారం కొలుస్తున్నా, గుండీలక్క ఎడమ మణికట్టు మీద ఒక వేలు తడుతూనే ఉండేది. వేలు కనిపించదు, తట్టడం మాత్రం తెలుస్తుంది. మొదటి కాన్పు నుంచీ అంతే.

ఆ కాన్పు చేసిన మంత్రసానికి ఒక పద్ధతి ఉంది. చెక్క గొట్టం కడుపుకు ఆనించి బిడ్డ గుండె వింటూ, అదే వేగంతో తల్లి మణికట్టు మీద వేలితో తట్టేది. తనకు వినబడింది తల్లికీ అందాలని. అయినా బిడ్డ ప్రాణం లేకుండానే పుట్టింది. గుండీలక్క మాత్రం ఆ మంత్రసానిని ఒక్క మాట కూడా ఎవరినీ అననివ్వలేదు.

"కసురుకోలేదు, వదిలి వెళ్లలేదు. బొడ్డు కోయగానే బిడ్డను నా చేతుల్లో పెట్టింది. ఇంకేం కావాలి?" అని కొట్టుకు వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పేది. ఆ మాట నమ్మి ఆ పురిటి గదికి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

రెండోసారి నెలలు నిండాక, తను అమ్మిన మాట తూకానికి తగ్గిందేమోనని అనుమానం పట్టుకుంది. బిడ్డ గుండె వడివడిగా కొట్టుకుంటుంది. మొదటి కాన్పు రోజు చివర్లో మంత్రసాని వేలు నెమ్మదించింది. మణికట్టును వదలనిది ఆ నెమ్మదే.

నొప్పులు మొదలవగానే అత్త ఆమెను తీసుకొచ్చి, లోపల ఆ మంత్రసానినే చూసి, పురిటి గది గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఈవిడ చెయ్యి మాకు అచ్చిరాలేదు. ఇక్కడి రెండో మంత్రసానిని పిలవండి."

"ఆగండత్తయ్యా, ఒక్కటి అడిగి తేల్చుకోనివ్వండి."

"నొప్పుల్లో కూడా బేరమేనా తల్లీ!"

గుండీలక్క మంచం మీద వాలి మంత్రసాని వైపు చూసింది. "అక్కా, ఆ రోజు చివర్లో నువ్వు తట్టింది ఎవరి గుండె?"

చేతులు తుడుచుకుంటున్న మంత్రసాని ఆగిపోయింది.

"నాదే. గొట్టంలో ఏమీ వినబడలేదు. అప్పటికి నువ్వింకా ముక్కాల్సి ఉంది. చెబితే నీకు బలం చాలదనుకున్నా. వేలు ఆపలేకపోయా."

"విన్నావా!" అంది అత్త.

నొప్పి ఒకటి వచ్చి పోయింది. కల్తీ సరుకు అంటగట్టినవాళ్లను గుండీలక్క మళ్లీ గడప తొక్కనివ్వదు. కానీ అడగ్గానే కల్తీ అని ఒప్పుకున్నవాళ్లు ఆమెకు ఇంతవరకూ తగల్లేదు.

"ఈసారి బిడ్డ గుండె ఆగితే నువ్వూ వేలు ఆపెయ్. అప్పుడే చెప్పు."

"చెబుతా."

"నీ మాటొక్కటే చాలదు. అత్తయ్యా, మీరు వినండి."

అత్త గొణుక్కుంటూ వంగి గొట్టానికి చెవి ఆనించింది. మంత్రసాని గొట్టాన్ని అటూ ఇటూ జరిపింది. "ఇంకా దొరకలేదమ్మా" అంది పైకే. మళ్లీ జరిపింది.

"ఓసి నీ దుంపతెగ! గుర్రంలా పరిగెడుతోందే!" అంటూ అత్త, ఎవరూ చెప్పకుండానే, కోడలి కుడి మణికట్టు పట్టుకుని తట్టసాగింది.

గుండీలక్క కళ్లు మూసుకుంది. కుడివైపు వడివడిగా. ఎడమవైపు, ఎవరూ ముట్టని చోట, ఆ నెమ్మది వేలు ఆగలేదు. ఆగమని ఆమె అనలేదు.

"నువ్వే ఉండక్కా" అంది.